సైటేషన్ లెక్కలోని పనితనం

కడప బేసిన్ రాళ్ల మీద రాసిన పరిశోధన పేపరు ఏది తీసినా, మొదటి పేజీల్లోనే బ్రాకెట్ల మధ్య 'కింగ్, 1872' అన్న మాట తగలడం దాదాపు ఖాయం. విలియం కింగ్ జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన భూగర్భ శాస్త్రవేత్త. కడప, కర్నూలు శిలల మీద ఆయన రాసిన నివేదిక ఆ సంస్థ మెమాయిర్ల ఎనిమిదో సంపుటంలో 1872లో అచ్చయింది. మన ఊళ్ల పేర్లూ ఏరుల పేర్లూ రాళ్లకు ఎక్కింది అందులోనే. కర్నూలు శిలల్లో ఒక వర్గానికి జమ్మలమడుగు పేరు, మరో వర్గానికి కుందేరు పేరు పెట్టారు. కడప శిలల్లో ఒకదానికి పాపఘ్ని పేరు, ఒక క్వార్ట్‌జైటుకు పులివెందుల పేరు వచ్చాయి. 115 ఏళ్ల తరువాత, 1987లో, నాగరాజారావు మరో ముగ్గురితో కలిసి జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా మెమాయిర్‌లో ఆ వర్గీకరణను సవరించారు. పులివెందుల, తాడిపత్రి, గండికోట పేర్లున్న పొరలను ఒక చోట చేర్చి చిత్రావతి వర్గం అన్నారు. పులివెందులకు దగ్గర్లోని తుమ్మలపల్లె యురేనియం గురించి ఇవాళ రాసేవారు కూడా ఈ రెండు రచనలనూ పేర్కొనే ముందుకు సాగుతారు.

ఆ బ్రాకెట్టే సైటేషన్. చూడడానికి చిన్నదే కానీ కుదురైన వస్తువు. దానికి రెండు కొసలుంటాయి. ఒకటి వాక్యం చివరి గుర్తు, రెండోది పేపరు చివర ఉండే పూర్తి చిరునామా: రచయిత, సంవత్సరం, శీర్షిక, జర్నల్, సంపుటం, పేజీ. 'ఈ మాట నాది కాదు, అక్కడిది, అనుమానముంటే వెళ్లి చూసుకో' అని పాఠకుడికి దారి చూపడమే దాని పని. రాసేవాడికి ఎవరికీ మార్కులు వేసే ఉద్దేశం ఉండదు. అలాంటి లక్షల గుర్తులను పోగుచేసి, తిరగేసి, వరుసపెట్టి ఒక యంత్రం తయారుచేశారు. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాల, పశువైద్య కళాశాల, పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉన్నాయి. ఇలాంటి చోట్ల ఉద్యోగానికో ప్రమోషన్‌కో దరఖాస్తు పెట్టుకునే అధ్యాపకుడి బయోడేటాలో ఇప్పుడు ఆ యంత్రం ఇచ్చిన అంకె తప్పకుండా ఉంటుంది. ఆ అంకెను తిట్టేవాళ్లూ ఉన్నారు, మొక్కేవాళ్లూ ఉన్నారు. మూత తీసి లోపల చూసినవాళ్లు తక్కువ. చూస్తే గౌరవం పుడుతుంది, దాన్ని ఎక్కడిదాకా నమ్మాలో కూడా తెలుస్తుంది.

మొట్టమొదటి తెలివి తిరగేయడంలో ఉంది. పేపరు చివరి జాబితా ఎప్పుడూ వెనక్కే చూస్తుంది. 1987 నాటి రచనలో 1872 కనిపిస్తుంది కానీ, 1872 నాటి పుస్తకంలో 1987 కనిపించే వీలు లేదు. ముందుకు చూడాలంటే ప్రపంచంలోని పేపర్లన్నిటి చివరి జాబితాలు తెచ్చి, ఒక్కొక్క పద్దునూ విడదీసి, 'ఎవరిని పేర్కొన్నారు' అన్న దాని ప్రకారం మళ్లీ పేర్చాలి. అప్పుడు కింగ్ పేరు కింద ఆయనను తలచినవాళ్లంతా వరుసగా నిలబడతారు. ఈ ఉపాయం ముందు న్యాయవాదుల దగ్గర పుట్టింది. 1873లో అమెరికాలో ఫ్రాంక్ షెపర్డ్ అనే ఆయన ఒక తీర్పును తరువాతి తీర్పుల్లో ఏవేవి ప్రస్తావించాయో జాబితాలు అచ్చువేసి అమ్మాడు. షెపర్డ్ పెట్టిన సంస్థలో పనిచేసిన విలియం అడెయిర్ 1953లో సమాచార శాస్త్రవేత్త యూజీన్ గార్ఫీల్డ్‌కు ఈ పద్ధతి గురించి ఉత్తరం రాశాడు. గార్ఫీల్డ్ 1955లో 'సైన్స్' పత్రికలో దాన్ని శాస్త్రాలకు ఎలా వాడాలో వివరించాడు. 1963లో మొదటి సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అచ్చయింది. 1961 నాటి 613 జర్నళ్లు, 14 లక్షల సైటేషన్లు, అయిదు సంపుటాలు. కంప్యూటర్ అంటే పంచ్ కార్డుల కట్టలైన రోజుల్లో చేసిన పని అది.

న్యాయవాదుల జాబితాలో ఉన్న ఒక భాగం మాత్రం ఈ కొత్త యంత్రంలోకి రాలేదు. షెపర్డ్ జాబితాలో అవసరమైన పద్దుల పక్కన ఒక చిన్న అక్షరం ఉండేది. తరువాతి కోర్టు పాత తీర్పును సమర్థించిందా, కొట్టేసిందా, తోసిపుచ్చిందా అన్నది ఆ అక్షరం చెప్పేది. వకీలుకు అసలు కావలసింది అదే. కొట్టేసిన తీర్పు పట్టుకుని జమ్మలమడుగు కోర్టులో లేచి నిలబడితే ఎంత నగుబాటో ఏ వకీలునడిగినా చెబుతాడు. శాస్త్రాల జాబితాలో ఆ అక్షరం లేదు. కింగ్ వర్గీకరణను యథాతథంగా తీసుకున్నవాడి సైటేషనూ ఒకటే, దాన్ని మార్చినవాడి సైటేషనూ ఒకటే. లక్షల పేపర్లు చదివి అక్షరం వేసే మనుషులు ఎక్కడ దొరుకుతారు? వాళ్లను వదులుకోబట్టే అంత పెద్ద పని సాధ్యమైంది. లెక్క సైటేషన్ ఉందని చెబుతుంది, ఎందుకుందో చెప్పదు. తరువాత వచ్చిన చిక్కులన్నిటికీ మొదటి మేకు ఇక్కడే దిగింది.

గార్ఫీల్డ్ దీన్ని వెతుక్కోవడానికి చేశాడు. మనుషులను తూచడం తరువాత వచ్చింది. తూచడానికి కావలసిన మంచి పనిముట్టు 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త చేతిలో తయారైంది. అదే హెచ్-ఇండెక్స్. నిర్వచనం ఒక్క వాక్యం: ఒక పరిశోధకుడి పేపర్లలో కనీసం 'హెచ్' పేపర్లకు ఒక్కోదానికి కనీసం 'హెచ్' సైటేషన్లు ఉంటే, అలాంటి అంకెల్లో పెద్దది అతని హెచ్.

ఒక ఊహాత్మక ఉదాహరణ వేసుకుందాం. ఒకరికి తొమ్మిది పేపర్లున్నాయి. వాటి సైటేషన్లు పెద్దదాని నుంచి చిన్నదానికి 42, 19, 11, 8, 6, 5, 3, 1, 0. వరుస సంఖ్య పెరుగుతుంటే సైటేషన్లు తగ్గుతుంటాయి. అయిదో పేపరుకు ఆరు సైటేషన్లు, అంటే అయిదుకు తక్కువ లేవు. ఆరో పేపరుకు అయిదే, చాలవు. కాబట్టి హెచ్ 5. సైటేషన్లను నిలువు కడ్డీలుగా గీస్తే, ఆ మెట్ల కింద ఇమిడే అతి పెద్ద చతురస్రపు భుజమే ఈ అంకె. మొదటి పేపరుకు 42 బదులు 420 వచ్చినా చతురస్రం కదలదు. ఎవరూ చూడని పేపర్లు ఇంకో ఇరవై అచ్చువేసినా కదలదు. అదృష్టం కొద్దీ ఒక్కసారి పేలిన పటాసుకూ విలువ లేదు, చిల్లర పోగుకూ విలువ లేదు. పేపర్లూ పెరగాలి, వాటిని వాడుకునేవాళ్లూ పెరగాలి. ఒక్క అంకెలో రెండు కొలతలను ఇలా కట్టేయడం చక్కటి పని. మొత్తం సైటేషన్లు సాధారణంగా హెచ్ వర్గానికి మూడు నుంచి అయిదు రెట్లు ఉంటాయని కూడా హిర్ష్ గమనించాడు. మన ఉదాహరణలో మొత్తం 95, అయిదు వర్గం 25. నిష్పత్తి 3.8.

ఆ చతురస్రానికి సందులు లేకపోలేదు. మన ఉదాహరణలో ఆరో పేపరుకు ఒక్క సైటేషన్ కలిస్తే హెచ్ ఆరవుతుంది. ఆ ఒక్కటీ తన తరువాతి పేపర్లో తానే వేసుకోవచ్చు. గట్టు మీద నిలబడిన పేపరేదో తెలిసినవాడికి ఇది పెద్ద కష్టమేం కాదు. ఇక పేపర్ల సంఖ్యను దాటి హెచ్ ఎప్పటికీ పెరగదు. ఒకే ఒక్క మహాగ్రంథం రాసి, దాన్ని వందేళ్లకు పైగా పేర్కొంటున్నా, ఈ కొలతలో ఆ రచయితకు వచ్చేది ఒకటే. ఈ లోటు చూసే లియో ఎగ్గే 2006లో జీ-ఇండెక్స్ చేశాడు. పై పేపర్ల సైటేషన్ల మొత్తం వాటి సంఖ్య వర్గానికి తక్కువ కాకూడదన్నది అందులోని షరతు. మన ఉదాహరణలో తొమ్మిది పేపర్ల మొత్తం 95, తొమ్మిది వర్గం 81. జీ 9 వస్తుంది. పెద్ద పేపరు మోసుకొచ్చిన బరువు ఇక్కడ లెక్కకు వచ్చింది. గూగుల్ స్కాలర్ వాడే ఐ10 మరీ సాదాది, పదికి తగ్గని సైటేషన్లున్న పేపర్ల సంఖ్య. ఇక్కడ మూడు. ఒకే మనిషి, ఒకే తొమ్మిది పేపర్లు. అంకెలు మాత్రం 5, 9, 3.

ఈ మధ్య మన దినపత్రికల జిల్లా పేజీల్లో ఏటా కనిపించే వార్త 'ప్రపంచ రెండు శాతం శాస్త్రవేత్తల జాబితా'. స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఇచ్చిన బిరుదన్నట్టు కళాశాల గేటు దగ్గర ఫ్లెక్సీలు కూడా లేస్తుంటాయి. అది బిరుదు కాదు. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ అయొనిడిస్, తన సహచరులతో కలిసి, ఎల్సెవియర్ సంస్థ డేటాబేస్ స్కోపస్‌లోని సమాచారం మీద కట్టిన లెక్క. ఇప్పటిదాకా చెప్పిన పనిముట్లన్నిటిలోకీ దీని పనితనం ఎక్కువ.

అందులో ఆరు కొలతలుంటాయి. మొత్తం సైటేషన్లు ఒకటి. హెచ్-ఇండెక్స్ రెండు. మూడోది ష్రైబర్ హెచ్‌ఎం, అందులో నలుగురు కలిసి రాసిన పేపరు పావు పేపరుగా లెక్క. నాలుగోది ఒంటరిగా రాసిన పేపర్లకు వచ్చిన సైటేషన్లు. అయిదోది ఒంటరిగా గానీ మొదటి పేరుగా గానీ ఉన్నవాటికి వచ్చినవి. ఆరోది వీటికి చివరి పేరుగా ఉన్నవాటిని కూడా చేర్చి లెక్కించినవి. చాలా విజ్ఞానశాస్త్రాల్లో మొదటి పేరు చేతులతో పని చేసినవాడిది, చివరి పేరు ప్రయోగశాల పెద్దది. ఆ ఆనవాయితీనే ఇక్కడ పళ్లచక్రంలా బిగించారు. నలభై మంది రచయితలున్న పేపర్లో నడుమ ఎక్కడో ఉన్నవాడికి చివరి మూడు కొలతల్లో ఏమీ రాదు.

ఆరు కొలతలను ఊరికే కూడితే వేలల్లో ఉండే సైటేషన్లు, పదుల్లో ఉండే హెచ్‌ను మింగేస్తాయి. అందుకే ప్రతి కొలతకూ ఒకటి కలిపి లాగరిథమ్ తీసి, అందరిలో పెద్ద విలువకు అలాగే తీసిన లాగరిథమ్‌తో భాగిస్తారు. సులువుగా ఉండడానికి పెద్ద విలువ 99,999 అనుకుందాం. ఒకటి కలిపితే లక్ష, అంటే పది అయిదో ఘాతం. 99 సైటేషన్లున్నవాడికి వంద, రెండో ఘాతం, రెండును అయిదుతో భాగిస్తే 0.4. 999 ఉన్నవాడికి 0.6. 9,999 ఉన్నవాడికి 0.8. సైటేషన్లు పదిరెట్లయినప్పుడల్లా 0.2 చొప్పున పెరుగుతుంది. ఒకటి ఎందుకు కలపాలంటే, సున్నాకు లాగరిథమ్ లేదు. ఒంటరి పేపరు ఒక్కటీ లేనివాడి దగ్గర లెక్క ఆగిపోకుండా పెట్టిన చిన్న చీల అది. ఇలా ఒక్కో కొలతా సున్నాకూ ఒకటికీ మధ్య కుదురుకుంటుంది, మొత్తం ఆరు దాటదు. సొంత సైటేషన్లు కలిపి ఒకటి, తీసేసి ఒకటి. జీవితకాలానికి ఒక జాబితా, ఒక్క ఏడాదికి ఒక జాబితా. పరిశోధకులను 22 రంగాలు, 174 ఉపరంగాలుగా విడగొట్టి, ఎవరి ఉపరంగంలో వారికి వరుస ఇస్తారు.

ఈ ఉపరంగాల విభజన అలంకారం కాదు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో గీటురాయి మీద నగను గీసి, పక్కనే తెలిసిన మచ్చుల గీతలు గీసి రంగు పోల్చి చూస్తారు. ఒంటరి గీత చూసి ఎవరూ ధర కట్టరు. సైటేషన్ అంకె కూడా అంతే. జీవరసాయన పేపర్ల చివరి జాబితాలు పొడుగు, రాసేవాళ్లు ఎక్కువ. గణితంలో రెండూ తక్కువ. కడప బేసిన్ మీద పనిచేసేవాళ్లు ప్రపంచమంతా కలిపి చూసినా కొద్దిమందే. కాబట్టి ఒకే విషయం, ఒకే సంవత్సరం పేపర్ల పక్కన పెట్టి చూస్తేనే ఆ అంకెకు అర్థం.

ఇంత చేసినా పేరు తప్పితే అంతా తప్పుతుంది. మన పేర్లు ఈ యంత్రాలకు పెద్ద పరీక్ష. ఇంటిపేరు ముందు, చివర రెడ్డి అని రాసుకునే కడప జిల్లా మనిషిని తీసుకోండి. డేటాబేస్ చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటుంది. ఒక పేపర్లో ఒక పొడి అక్షరం, ఇంకోదాంట్లో మూడు, పాస్‌పోర్టు వచ్చాక పూర్తి పేరు. ఒకే మనిషి ఇద్దరవుతాడు. మన ఉదాహరణలోని పేపర్లను ఒకటి విడిచి ఒకటి పంచి చూడండి. 42, 11, 6, 3, 0 ఒక ప్రొఫైల్‌లో, 19, 8, 5, 1 ఇంకోదాంట్లో. హెచ్ 5 ఉన్నవాడు 3 చొప్పున ఇద్దరు మనుషులుగా తేలతాడు. ఇద్దరు రెడ్లు ఒకే ప్రొఫైల్‌లో కలిసిపోతే ఎవరికో ఉచితంగా ఉన్నతి.

దీనికి 2012లో ఓర్కిడ్ అనే గుర్తింపు సంఖ్య వచ్చింది. పదహారు అంకెలు, నాలుగేసి చొప్పున నాలుగు గుంపులు. చివరి అంకె మిగతా పదిహేనింటికీ కాపలా. మొదటి అంకె తీసుకుని రెండుతో గుణించాలి. రెండోది కలిపి మళ్లీ రెండుతో గుణించాలి. ఇలా పదిహేనూ అయ్యాక పదకొండుతో భాగించి, శేషాన్ని పన్నెండు నుంచి తీసేసి, వచ్చినదాన్ని మరోసారి పదకొండుతో భాగిస్తే మిగిలేదే చివరి అంకె. పది మిగిలితే 'ఎక్స్' అని వేస్తారు. ఎక్కడైనా ఒక్క అంకె తప్పు రాస్తే ఈ లెక్క కుదరదు, తప్పు అక్కడికక్కడే పట్టుబడుతుంది. ఇంత పొదుపైన కాపలా చూస్తే ముచ్చటేస్తుంది.

మన దేశంలో నియామకాలను నడిపించే పట్టిక వేరే ఉంది. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం నేరుగా అసోసియేట్ ప్రొఫెసర్ కావడానికి 75, ప్రొఫెసర్ కావడానికి 120 రీసెర్చ్ స్కోరు ఉండాలి. పేపర్ల స్కోరును జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను బట్టి పెంచుతారు. అది లేని జర్నల్‌కు 5, ఒకటి లోపుంటే 10, రెండు దాకా 15, అయిదు దాకా 20, పది దాకా 25, పది దాటితే 30. ఇద్దరు రాస్తే చెరో 70 శాతం. ఎక్కువమంది రాస్తే ముఖ్య రచయితకు 70, మిగతావారికి తలా 30. కలిసి పనిచేసినందుకు మొత్తం నూరు దాటడం నాకు ఉదారంగానే తోస్తుంది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను థామ్సన్ రాయిటర్స్ జాబితా ప్రకారం చూడాలని అందులో రాశారు. ఆ సంస్థ ఆ వ్యాపారాన్ని 2016లోనే అమ్మేసింది, ఇప్పుడది క్లారివేట్ చేతిలో ఉంది.

అసలు చిక్కు అది కాదు. ఒక జర్నల్ గత రెండేళ్లలో వేసిన పేపర్లకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ పేపర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది ఇంపాక్ట్ ఫ్యాక్టర్. అది జర్నల్ సగటు. కొద్ది పేపర్లకు బోలెడు సైటేషన్లు, చాలా పేపర్లకు కొద్ది సైటేషన్లు ఉండే చోట సగటు చూసి ఒక్కదాని విలువ చెప్పలేం. పైగా రెండేళ్ల కిటికీ. పులివెందుల క్వార్ట్‌జైటు గురించి కింగ్ రాసినదానికి నూటయాభై ఏళ్లుగా అందిన సైటేషన్లలో, ఆ కిటికీలో పడేవి మొదటి రెండేళ్లవే. జర్నల్‌ను తూచే రాయి జర్నల్‌కు సరైనదే, దానితో మనిషిని తూచడం తప్పు. ఈ మాటను 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడిన జర్నళ్ల సంపాదకులు, ప్రచురణకర్తలు డోరా ప్రకటనగా రాశారు. 2015లో వచ్చిన లైడెన్ మేనిఫెస్టో మొదటి సూత్రం కూడా ఇదే దారిలో, అంకెలు నిపుణుల తీర్పుకు తోడుగా ఉండాలంటుంది.

ఒక్క తెలుగు మనిషి జీవితం చూస్తే ఈ చక్రాలన్నీ ఎక్కడ పట్టుకుంటాయో, ఎక్కడ జారతాయో తెలుస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో, కణజాలంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు. మాలిబ్డేట్ కలిపి, దాన్ని నీలిరంగుకు తెచ్చి, ఆ నీలం గాఢతను బట్టి ఫాస్ఫరస్ లెక్క తేల్చడం అందులో కిటుకు. ప్రపంచమంతటా ప్రయోగశాలలు దశాబ్దాల పాటు దాన్ని వాడాయి, పేర్కొంటూ వచ్చాయి. అచ్చు సైటేషన్ ఇండెక్స్‌లో మాత్రం ఒక రచనను మొదటి రచయిత పేరు కిందే వేసేవారు. అవన్నీ ఫిస్కే ఖాతాలో పడ్డాయి. సుబ్బారావు పేరు కింద వెతికితే దొరకవు. ఇవాళ్టి ఆరు కొలతల్లో ఆరోది ఆయనను చివరి రచయితగా పట్టుకుంటుంది, అయితే అది ప్రయోగశాల పెద్దకు అని పెట్టిన చోటు. చిన్నవాడికి దక్కడం యాదృచ్ఛికం.

అదే పద్ధతి చేతపట్టుకుని వాళ్లిద్దరూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఏటీపీనీ బయటపెట్టారు. ఏటీపీ ఇప్పుడు ఇంటర్మీడియెట్ పుస్తకంలో పాఠం. ఆ మాట రాసే ఎవరూ 1929 పేపరును పేర్కొనరు. అంతగా ఇంకిపోయిన విషయానికి సైటేషన్లు ఆగిపోతాయి. హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దక్కక ఆయన 1940లో లెడర్లే ప్రయోగశాలకు వెళ్లారు. అక్కడి ఆయన బృందం నుంచి హెట్రజాన్ వచ్చింది. ఆంధ్రలో బోదకాలు నివారణకు ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర అదే. మాత్ర మింగినవాడు ఎవరినీ పేర్కొనడు.

ఇంటర్వ్యూ బోర్డులో కూర్చునే పెద్దలకు ఒక మనవి. దరఖాస్తులో హెచ్-ఇండెక్స్ ఉంటే అది ఏ డేటాబేస్ నుంచి, ఏ తేదీన, సొంత సైటేషన్లు తీసేశాకనా కాదా అని అడగండి. తరువాత అభ్యర్థి తనకు నచ్చిన మూడు పేపర్లు ఇమ్మని చెప్పి, ఇంటర్వ్యూకు ముందే వాటిని చదివి రండి. కొత్తగా పరిశోధనలో చేరినవారు మొదటి పేపరు పంపే ముందే పేరు ఒకే రీతిలో రాయడం నిర్ణయించుకుని ఓర్కిడ్ సంఖ్య తీసుకోండి. దానికి రుసుము లేదు.